ఇంగ్లండ్ సంత పట్టణానికి రాజుతో ఉన్న చుట్టరికం నిగ్గు తేల్చడం ఎలా

ఇంగ్లండ్‌లో ఏ సంత పట్టణంలో దిగినా రాజుల ఊసు వినబడుతుంది. సత్రం గోడకు "ఎలిజబెత్ రాణి ఇక్కడ బస చేసింది" అన్న పలక ఉంటుంది. చర్చిలో రాజముద్ర రాసిన పెద్ద చెక్క వేలాడుతుంటుంది. టౌన్ హాల్ అద్దాల బీరువాలో ఏదో ఒక రాజు ఇచ్చాడనే వెండి పాత్ర, ఊరి పేరు చివర "రీజిస్" అనే తోక కనబడతాయి. వీటిలో కొన్నింటికి పత్రాలున్నాయి, కొన్ని నోటి మాట మీదే బతుకుతున్నాయి. రెండూ కలిపి రాసేస్తే ఊరి చరిత్ర పలచబడిపోతుంది. ఓపిగ్గా విడదీస్తే చాలా ఊళ్ల అసలు కథ పలక మీది కథ కంటే బాగుంటుంది.

మధ్యయుగంలో రాజుకూ సంత పట్టణానికీ మధ్య నడిచింది ఎక్కువగా నేల, సుంకం, కోర్టు రాబడుల లెక్క. రాజు ఆ ఊరి ముఖం చూడకపోయినా బంధం గట్టిగా ఉండొచ్చు. మూడు రాత్రులు పడుకుని పోయినా ఏ బంధమూ లేకపోవచ్చు. అందుకని వెతకబోయే ముందే మీ చేతిలో ఉన్న కబురు ఏ జాతిదో తేల్చుకోండి. రాజు ఆ నేలకు యజమానా? సంతకో పురపాలనకో హక్కు ఇచ్చాడా? స్వయంగా వచ్చాడా? ఒట్టి పేరో బిరుదో ఇచ్చాడా? నేలకు సాక్ష్యం డోమ్స్‌డే అనే పాత భూముల లెక్కలో మొదలవుతుంది, హక్కుకు చాన్సరీ (రాజు పత్రాలు రాసే కచేరీ) రోళ్లలో, అంటే తోలు చుట్టల్లో, రాకకు రాజు ప్రయాణాల పట్టికలోనూ ఊరి జమాఖర్చుల్లోనూ, బిరుదుకు లెటర్స్ పేటెంట్ అనే రాజు బహిరంగ లేఖల్లో. ఒక జాతి కబురుకు ఇంకో జాతి సాక్ష్యం తెచ్చి అతికించడం వల్లే ఈ పనిలో చాలామంది దారి తప్పుతారు.

పేరు ఏం చెబుతుంది

పేరు మంచి ఆనవాలే కానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. లండన్ నైరుతి అంచున ఉన్న కింగ్‌స్టన్ అపాన్ థేమ్స్‌నే తీసుకోండి. అక్కడ పట్టాభిషేక శిల అని ఒక ఇసుకరాతి బండ ఉంది. "కింగ్స్ స్టోన్" నుంచే ఊరికి ఆ పేరు వచ్చిందని చాలామంది నమ్ముతారు. కానీ 838 నాటి పత్రంలోనే ఊరి పేరు "కూనింజెస్ టూన్" అని ఉంది. పాత ఇంగ్లిష్‌లో దానికి అర్థం రాజు గారి ఎస్టేటు. 925లో ఏథెల్‌స్టన్ పట్టాభిషేకం జరిగేసరికే పేరు వచ్చి దాదాపు తొంభై ఏళ్లు. పేరులో ఉన్నది రాజు నేల, బండ కాదు. ఆ బండను పీఠమెక్కించి ఏడుగురు రాజుల పేర్లు చెక్కింది 1850లో. కాబట్టి ఆ చెక్కుడు పందొమ్మిదో శతాబ్దం ఏం నమ్మిందో చెబుతుంది, పదో శతాబ్దానికి సాక్ష్యం చెప్పదు. ఏడుగురికీ ఒకే బలమున్న ఆధారం లేదు. ఏథెల్‌స్టన్‌కు, 979లో ఏథెల్‌రెడ్‌కు ఆధారం బలంగా ఉంది.

"రీజిస్" అంటే లాటిన్‌లో "రాజుది". అది ఎప్పుడు అతుక్కుందో చూడకుండా వాడకండి. లైమ్ రీజిస్‌కు 1284లో మొదటి ఎడ్వర్డ్ ఇచ్చిన చార్టర్ వెనకుంది. బాగ్నర్ రీజిస్‌ది 1929 నాటి తోక. ఐదో జార్జ్ జబ్బు నుంచి కోలుకుంటూ అక్కడ కొన్ని వారాలు గడిపాడు, అదీ బాగ్నర్‌లో కాదు, పక్కనున్న ఆల్డ్‌విక్‌లోని ఒక ఇంట్లో. అక్షరాలు అవే, బంధం మాత్రం వేరే జాతిది. ప్రిన్సెస్ రిస్‌బరో పేరులోని ప్రిన్స్ ఎవరంటే మూడో ఎడ్వర్డ్ కొడుకు, బ్లాక్ ప్రిన్స్. ఆ మేనర్, అంటే దొరతనపు ఎస్టేటు, ఆయనది. పక్క ఊరు మంక్స్ రిస్‌బరో సన్యాసులది. రెండు రిస్‌బరోలను వేరుచేసి చెప్పడానికి యజమాని పేరు తగిలించారన్నమాట. "చిపింగ్" అని మొదలయ్యే పేర్లకు రాజుతో పని లేదు. అది సంత అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ మాట.

డోమ్స్‌డేలో ఏం చూడాలి

1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం రాజు 1086లో చేయించిన భూముల లెక్క ఇది. జిల్లావారీగా ఉంటుంది. ప్రతి జిల్లా మొదట్లో భూమి ఎవరెవరి చేతిలో ఉందో జాబితా, అందులో మొదటి పేరు రాజుది. ఆయన భూములన్నీ "తెర్రా రీజిస్" అనే శీర్షిక కింద ఉంటాయి. ఓపెన్ డోమ్స్‌డే అనే ఉచిత వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొడితే 1066లో దొర ఎవరో, 1086లో దొర ఎవరో పక్కపక్కనే చూపిస్తుంది. ఆ రెండూ రాసుకోండి, ఒక్కటే రాసుకుంటే లాభం లేదు.

1066లో ఎడ్వర్డ్ రాజు పేరుంటే ఆ ఊరు "ఏన్షెంట్ డెమెన్" అయ్యే అవకాశం ఉంది, అంటే రాజు సొంత పాత నేల. తర్వాత అది ఏ దొర చేతికి పోయినా ఆ హోదా పోదు. అక్కడి రైతులకు దేశంలోని మిగతా సంతల్లో సుంకం కట్టనక్కర్లేదు. తమ నేల తగాదాలకు వాళ్లకు ప్రత్యేకమైన రిట్ ఉండేది. ఈ హోదా మీద కోర్టులో వివాదం వస్తే డోమ్స్‌డే పుస్తకాన్నే తెరిచి చూసేవారు. అందుకే తర్వాతి శతాబ్దాల్లో కూడా ఊరివాళ్లు చాన్సరీ నుంచి ధ్రువపత్రాలు తెచ్చుకుని పరాయి సంతల్లో సుంకం అడిగినవాళ్ల ముందు పెట్టేవారు. మీ ఊరి పత్రాల్లో అలాంటిది దొరికిందంటే రాజుతో బంధం ఊరివాళ్ల జేబుకు ఎలా అక్కరకొచ్చిందో కళ్లకు కట్టినట్టే.

1086లో రాజు పేరుండి, 1066లో హెరాల్డ్ పేరో ఇంకో ఎర్ల్ (పెద్ద దొర) పేరో ఉంటే పప్పులో కాలేయకండి. అది గెలిచిన విలియం లాక్కున్న నేల. తెర్రా రీజిస్ కింద ఉన్నంత మాత్రాన పాత రాజ నేల అయిపోదు.

ఊరు డోమ్స్‌డేలో లేకపోతే గాబరా పడొద్దు. నార్తంబర్లండ్, డరమ్, లండన్, వించెస్టర్ అసలు ఆ లెక్కలోనే లేవు. పైగా చాలా సంత పట్టణాలు ఆ తర్వాత పుట్టాయి. న్యూమార్కెట్ పేరులోనే కొత్త సంత అని ఉంది. అలాంటప్పుడు తల్లి పారిష్ పేరుతో, అంటే ఊరు మొదట ఏ చర్చి పరిధిలో ఉండేదో ఆ పేరుతో, వెతకాలి. న్యూమార్కెట్‌కైతే ఎక్స్‌నింగ్ కింద చూడాలి.

సంత చార్టర్: ఎవరికిచ్చాడు, ఎందుకిచ్చాడు

అసలు పని ఇక్కడుంది. చార్టర్ అంటే సనదు. రాజు మహాముద్ర వేసి ఇచ్చిన హక్కు పత్రం. జాన్ రాజు కాలం నుంచి, అంటే 1199 నుంచి, ఇచ్చిన చార్టర్ల నకళ్లను చాన్సరీ గుమాస్తాలు తోలు చుట్టల మీద ఎక్కించారు. ఇవే చార్టర్ రోళ్లు. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో వీటి వరుస గుర్తు సి 53. విప్పి ఉన్న లేఖలు, అంటే లెటర్స్ పేటెంట్, సి 66లో. మడిచి ముద్రవేసి పంపినవి, అంటే లెటర్స్ క్లోజ్, సి 54లో. ఊళ్లో అసలు పత్రం ఎలుకలపాలైనా రోళ్లలో నకలు దొరకొచ్చు. వీటి ఇంగ్లిష్ సంక్షిప్తాలు, క్యాలెండర్లు అంటారు, అచ్చయ్యాయి. చాలావరకు ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

ముందు లండన్ విశ్వవిద్యాలయపు చరిత్ర పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన, 1516 వరకు ఉన్న సంతల, తిరునాళ్ల జాబితా తెరవండి. అది ఆన్‌లైన్‌లో ఉంది, జిల్లావారీగా ఉంటుంది. మీ ఊరి దగ్గర ఏ వారం సంత, ఏ తేదీన, ఏ రాజు, ఎవరికి ఇచ్చాడు, ఏ రోల్‌లో ఉంది అన్నీ కుదించి రాసి ఉంటాయి. అక్కడ కనబడిన రోల్ సంఖ్యతో క్యాలెండర్‌కు వెళ్లి ఆ పద్దు మొత్తం చదవండి. జాబితా దగ్గరే ఆగిపోతే అసలు సంగతి జారిపోతుంది.

పద్దులో ముందు వెతకాల్సింది పుచ్చుకున్నవాడి పేరు. పదమూడో శతాబ్దపు సంత చార్టర్లు చాలావరకు ఊరికి ఇచ్చినవి కావు. ఒక దొరకో, మఠాధిపతికో "అతని మేనర్‌లో, అతనికీ అతని వారసులకూ" ఇచ్చినవి. సంత సుంకం దొరది. రాజుకు వచ్చింది ఆ చార్టర్ కోసం దొర కట్టిన రుసుము. జాన్ కాలంలో ఆ రుసుము ఐదు మార్కులో, ఒక మంచి సవారీ గుర్రమో అయ్యేది. మార్కు అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు, మొత్తం 160 పెన్నీలు. మూడో హెన్రీ నాటి ఇలాంటి చెల్లింపులు ఫైన్ రోళ్లలో ఉన్నాయి, వాటి అనువాదం ఆన్‌లైన్‌లో ఉచితం. అందుచేత "1227లో హెన్రీ రాజు మా ఊరిని సంత పట్టణం చేశాడు" లాంటి వాక్యం కనబడితే అందులో దొర పేరు ఎందుకు లేదో అడగండి.

తర్వాత వారం పేరు, తిరునాళ్ల తేదీలు. చార్టర్ వరస చాలావరకు ఒకటే: వారానికొకసారి ఫలానా వారం సంత, ఏటా మూడు రోజులు ఫలానా సెయింట్ పండుగ ముందురోజు, పండుగనాడు, మర్నాడు తిరునాళ్లు, చుట్టుపక్కల సంతలకు నష్టం లేని పక్షంలో. పండుగ తేదీ మార్చేటప్పుడు "ట్రాన్స్‌లేషన్" అనే మాట ఉందో లేదో కళ్లు పెట్టి చూడండి. థామస్ బెకెట్ పండుగ డిసెంబర్ 29. ఆయన అస్థికలను కొత్త సమాధికి మార్చిన పండుగ జూలై 7. ఆ ఒక్క మాట వదిలేస్తే ఎండాకాలపు తిరునాళ్లు నడి చలికాలంలో పడతాయి. 1752లో క్యాలెండర్ మారి 11 రోజులు పోయినప్పుడు కొన్ని ఊళ్లు పాత రోజునే పట్టుకున్నాయి. సెప్టెంబర్ 29 నాటి మైకెల్‌మస్ సంత అక్టోబర్ 10కి జరిగింది అందుకే. ఇప్పటి తేదీ చార్టర్ తేదీతో కలవలేదంటే ముందు ఈ 11 రోజులు తీసి చూడండి.

"నష్టం లేని పక్షంలో" అన్నది మాటవరసకు రాసింది కాదు. ఆరు మైళ్లు, ఇంకో మైలులో రెండు పాళ్లు, అంటే 6⅔ మైళ్ల లోపు కొత్త సంత వస్తే పాత సంతకు దెబ్బ అని పదమూడో శతాబ్దపు న్యాయగ్రంథాల లెక్క. మనిషి రోజుకు 20 మైళ్లు నడుస్తాడు, మూడో వంతు పోవడానికి, మూడో వంతు బేరానికి, మూడో వంతు తిరిగి రావడానికి. కింగ్‌స్టన్‌కు 1628లో మొదటి చార్లెస్ ఇచ్చిన చార్టర్ ఏడు మైళ్ల లోపు వేరే సంత పెట్టకూడదంది. మీ ఊరి చుట్టూ ఆ కొలతతో వలయం గీసి లోపల ఏయే సంతలున్నాయో చూడండి. పోటీ సంత మీద వేసిన దావాలు దొరికాయంటే, సంత నిజంగా నడిచిందనడానికి చార్టర్ కంటే అవి గట్టి సాక్ష్యం. చార్టర్ ఉన్నంత మాత్రాన సంత జరిగినట్టు కాదు. కాగితం మీదే చచ్చిపోయిన సంతలు చాలా ఉన్నాయి. సుంకం వసూలైన లెక్క ఒక్కటైనా దొరికేదాకా "సంత హక్కు ఇచ్చాడు" అని రాయండి, "సంత మొదలైంది" అని రాయకండి.

చార్టర్ దొరకకపోతే? ఊరికి అసలు చార్టరే లేకపోవచ్చు, అది తక్కువతనం కాదు. 1278 నుంచి మొదటి ఎడ్వర్డ్ న్యాయమూర్తులు జిల్లాలు తిరుగుతూ "ఏ అధికారంతో ఈ సంత నడుపుతున్నావు?" అని దొరలను నిలదీశారు. క్వో వారంటో విచారణలంటే ఇవే. 1189 సెప్టెంబర్ 3న మొదటి రిచర్డ్ పట్టాభిషేకం జరిగింది. ఆ రోజుకు ముందునుంచీ నడుస్తున్న హక్కును చట్టం "జ్ఞాపకానికి అందనంత పాతది" అని ఒప్పుకుంది. పత్రం లేకుండా ఆ వాదంతో గెలిచిన సంత, చార్టరున్న సంతకంటే పాతదన్నమాట.

ఇంకొక గుంట: "ఇన్‌స్పెక్సిమస్". లాటిన్‌లో "మేము పరిశీలించాం" అని అర్థం. పాత చార్టర్‌ను తర్వాతి రాజు చదివించుకుని, మొత్తం మళ్లీ ఎక్కించి ఖాయం చేసిన పత్రం అది. దాని మీది తేదీని ఊరి హక్కు పుట్టిన తేదీగా తీసుకుంటే వందేళ్లు తేడా వస్తుంది. లోపల ఎక్కించిన పత్రం తేదీనే వెతకండి. అది పన్నెండో శతాబ్దానిదని చెప్పుకునే మఠం చార్టరైతే ఇంకాస్త అనుమానించండి. హక్కు కాపాడుకోవడానికి పాత తేదీలతో పత్రాలు పుట్టించిన మఠాలున్నాయి.

తేదీ లెక్క

రోళ్లలో క్రీస్తుశకం ఉండదు, రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో ఉంటుంది. లెక్క ఇలా వేయాలి: రాజు గద్దెనెక్కిన సంవత్సరానికి ఏలుబడి సంఖ్యలో ఒకటి తీసేసి కలపండి. ఆ ఏడాది అతను గద్దెనెక్కిన రోజు నుంచి మొదలవుతుంది. మొదటి ఎడ్వర్డ్ 12వ ఏడు, ఏప్రిల్ 3 అనుకోండి. ఆయన లెక్క 1272 నవంబర్ 20 నుంచి. 1272కి 11 కలిపితే 1283. అంటే 12వ ఏడు 1283 నవంబర్ 20 నుంచి 1284 నవంబర్ 19 వరకు. ఏప్రిల్ అందులో రెండో సగంలో పడింది కాబట్టి 1284. తరచు పనికొచ్చే మొదటి రోజులు: మూడో హెన్రీ 1216 అక్టోబర్ 28, రెండో ఎడ్వర్డ్ 1307 జూలై 8, మూడో ఎడ్వర్డ్ 1327 జనవరి 25, ఎనిమిదో హెన్రీ 1509 ఏప్రిల్ 22, మొదటి ఎలిజబెత్ 1558 నవంబర్ 17, మొదటి జేమ్స్ 1603 మార్చి 24.

ఇద్దరు రాజుల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. జాన్ 1199 మే 27న పట్టాభిషేకం చేసుకున్నాడు. ఆ రోజు క్రీస్తు ఆరోహణ పండుగ. గుమాస్తాలు ఏటా ఆ పండుగ నుంచే కొత్త ఏడు లెక్కపెట్టారు. ఈస్టర్‌తో పాటు ఆ పండుగ కదులుతుంటుంది కాబట్టి జాన్ ఏళ్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఐదో ఏడు 1203 మే 15 నుంచి 1204 జూన్ 2 దాకా సాగింది. "ఐదో ఏడు, మే 20" అని ఉంటే అది 1203 కావొచ్చు, 1204 కావొచ్చు. రాజు ఆ వారం ఎక్కడున్నాడో చూసి తేల్చుకోవాల్సిందే. రెండో చార్లెస్ 1660లో తిరిగొచ్చినా, తండ్రి తల తెగిన 1649 జనవరి 30 నుంచే తన ఏలుబడి లెక్కపెట్టించాడు. అందుకే 1660 ఆయన 12వ ఏడు. ఇది తెలియక 12ను 1660కి కలిపేసి పదేళ్లకు పైగా ముందుకు పోయినవాళ్లున్నారు.

1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఊరి పుస్తకంలో "1645 ఫిబ్రవరి 10" అని ఉంటే మన లెక్కలో అది 1646. రాసేటప్పుడు 1645/6 అని రెండూ పెట్టండి, చదివేవాళ్లకు తికమక ఉండదు.

రాజు నిజంగా వచ్చాడా

జాన్ కాలపు చార్టర్ల చివర "ఫలానావారి చేతిమీదుగా ఫలానా చోట ఇచ్చాం" అని ఉంటుంది. ఆయన ఎక్కడున్నాడో రోజువారీగా పట్టిక వేయడానికి ఇవే ఆధారం. అదే నమ్మకంతో పద్నాలుగో శతాబ్దానికి వెళ్తే మోసపోతాం. అప్పటికి చాన్సరీ వెస్ట్‌మిన్‌స్టర్‌లో స్థిరపడింది. పత్రం మీద "మేమే సాక్షి, వెస్ట్‌మిన్‌స్టర్‌లో" అని ఉన్నా రాజు ఇంకెక్కడో వేటలో ఉండొచ్చు. అది గుమాస్తా కూర్చున్న చోటు.

తర్వాతి కాలానికి ఊరి జమాఖర్చులను మించిన సాక్ష్యం లేదు. రాణి వస్తుందంటే వీధులకు ఇసుక, సంత స్తంభానికి రంగు, రాణికి వెండి గిన్నె, సేవకులకు ఈనాం, గంట కొట్టినవాళ్లకు కూలి, అన్నీ పెన్నీలతో సహా పద్దు పడతాయి. రాజపరివారం చుట్టూ 12 మైళ్లు "వెర్జ్". ఆ లోపల తూకాలూ కొలతలూ చూసేది రాజు తరఫు సంత గుమాస్తా. అతనికి ముట్టజెప్పిన పద్దు ఉంటే పరివారం దగ్గర్లో ఉన్నట్టే. గంటల పద్దు దగ్గర మాత్రం జాగ్రత్త. నవంబర్ 17న కొట్టిన గంటలు ఎలిజబెత్ గద్దెనెక్కిన రోజు వేడుక, దేశమంతా కొట్టేవారు. నవంబర్ 5 గన్‌పౌడర్ కుట్ర తప్పిపోయిన రోజు, మే 29 రెండో చార్లెస్ తిరిగొచ్చిన రోజు. ఈ మూడు తేదీలూ కానప్పుడే "రాణి వచ్చినప్పుడు" అన్న ఊహకు బలం.

న్యూమార్కెట్‌లో ఇలాంటి అనుమానాలకు తావే లేదు. మొదటి జేమ్స్ 1605లో వేటకని వచ్చి ఇష్టపడి భవనం కట్టించుకున్నాడు. రెండో చార్లెస్ గుర్రప్పందేలకు ఏటా వచ్చేవాడు. తాను పెట్టించిన టౌన్ ప్లేట్ పందెంలో 1671లో తానే స్వారీ చేసి గెలిచాడు. 1683 మార్చి 22న ఊరు తగలబడి ఆయన అనుకున్నదానికంటే ముందే లండన్ బయల్దేరాడు. దారిలో చంపాలని కాచుకున్న రై హౌస్ కుట్ర అలా బెడిసింది. రాజు భవనంలో మిగిలిన ముక్క ప్యాలెస్ హౌస్ పేరుతో ఇప్పటికీ నిలబడి ఉంది, గుర్రప్పందేల మ్యూజియంలో భాగంగా.

చర్చిలో రాజముద్ర

1660 తర్వాత పారిష్ చర్చిలన్నింటా రాజముద్ర కట్టడం మామూలైపోయింది. కాబట్టి అది ఉన్నందువల్ల మీ ఊరికి ప్రత్యేక బంధం ఉన్నట్టు కాదు. అయినా దాని కాలం తేల్చడం ఆనందమైన పని. రాజు అక్షరాలను నమ్మకండి, గడులను చదవండి. ఫ్రాన్స్ లిల్లీలు, ఇంగ్లండ్ సింహాలు మాత్రమే ఉంటే 1603కు ముందుది. స్కాట్లండ్ నిలువు సింహం, ఐర్లండ్ వీణ చేరితే ఆ తర్వాతది. నట్టనడుమ ఇంకో చిన్న సింహం ఉంటే మూడో విలియం. ఒకే గడిలో ఇంగ్లండ్, స్కాట్లండ్ పక్కపక్కనే ఉంటే 1707 నుంచి 1714 లోపు. నాలుగో గడిలో హనోవర్ తెల్లగుర్రం కనబడితే 1714 నుంచి 1801. లిల్లీలు పోయి హనోవర్ నడిమి చిన్న డాలులోకి వస్తే 1801 నుంచి 1837. ఆ డాలు మీద టోపీ ఉంటే 1816కు ముందు, కిరీటమైతే ఆ తర్వాత. విక్టోరియాతో హనోవర్ పూర్తిగా పోయింది.

పలక మీద "జి ఆర్" (జార్జ్ రాజు) అని ఉండి గడుల్లో స్టూవర్టుల, అంటే జేమ్స్, చార్లెస్‌ల వంశపు, అమరిక ఉంటే, చార్లెస్ నాటి చెక్కకు జార్జ్ నాటి రంగు పడినట్టు. ఇంగ్లిష్ అక్షరం "సి"కి చిన్న గీత పెడితే "జి" అయిపోతుంది, కొత్త చెక్క ఖర్చు తప్పుతుంది. చేతి టార్చిని చెక్కకు పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టుకుని వెలుగు వేయండి. పాత అక్షరం అంచు సన్నటి గట్టులా లేచి కనబడుతుంది. చెక్కను ముట్టుకోకండి, రంగు పొరలు రాలిపోతాయి.

బిరుదులు, డచీలు

"రాయల్" అనే మాట తేలిక లెక్క. లెమింగ్టన్‌కు 1838లో విక్టోరియా ఇచ్చింది, టన్‌బ్రిడ్జ్ వెల్స్‌కు 1909లో ఏడో ఎడ్వర్డ్. వుటన్ బాసెట్‌కు 2011లో వచ్చింది. యుద్ధంలో చనిపోయిన సైనికుల శవపేటికలు ఊరి మీదుగా వెళ్తుంటే జనం వీధిలో నిలబడి తల వంచారు, ఆ మర్యాదకు గుర్తింపు అది. ఏ పాత భూమి బంధమూ లేదు, అవసరమూ లేదు.

డచీలు, అంటే డ్యూక్ హోదాకు చెందిన ఎస్టేట్లు, అలా కాదు. 1399 నుంచి లాంకస్టర్ డచీ రాజు చేతిలోనే ఉంది కానీ రాజ్యపు ఆస్తితో కలవదు. అలాంటి ఊళ్లో రాజు దొరగా ఉన్నది లాంకస్టర్ డ్యూక్ హోదాలో. పత్రాలు చాన్సరీలో కాక క్యూలోనే డి ఎల్ వరుసలో ఉంటాయి. హంగర్‌ఫర్డ్‌లో రాజు వస్తే ఎర్రగులాబీ ఇచ్చే ఆచారం దీన్నుంచి వచ్చిందే, ఎర్రగులాబీ లాంకస్టర్ గుర్తు. బర్కమ్‌స్టెడ్ లాంటి ఊళ్లకు 1337లో బ్లాక్ ప్రిన్స్ కోసం పుట్టిన కార్న్‌వాల్ డచీ పత్రాలు చూడాలి. ఎవరూ పట్టించుకోని గని ఇంకొకటి ఉంది: మొదటి చార్లెస్ తల తీశాక రాజ భూములు అమ్మడానికి 1649 నుంచి పార్లమెంటు చేయించిన సర్వేలు, ఇ 317 వరుస. ఇల్లు ఇల్లుగా, అద్దెతో సహా, ఊళ్లో రాజుకు ఏమేం ఉందో రాశారు.

క్యూకి వెళ్లే ముందు

అచ్చయిన క్యాలెండర్ చూడకుండా అసలు రోల్ తెప్పించుకుంటే రోజంతా వృథా. ముందు విక్టోరియా కౌంటీ హిస్టరీ అనే జిల్లా చరిత్రల వరుసలో మీ జిల్లా సంపుటం వచ్చిందేమో బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్ వెబ్‌సైట్‌లో చూడండి. మేనర్ ఎవరెవరి చేతులు మారిందో అడుగడుగునా మూలం చూపిస్తూ ఉంటుంది. అసలు పత్రం చూడాలంటే రీడర్ టికెట్ కావాలి, అది ఉచితం. గుర్తింపు పత్రం, చిరునామా రుజువు వెంట ఉంచుకోండి. పెన్సిల్ తప్ప పెన్ను లోపలికి రానివ్వరు. సొంత కెమెరాతో ఫొటోలు తీసుకోవచ్చు. చాన్సరీ రోల్ ఒక తోలు ముక్క అడుగుకు ఇంకోటి కుట్టిన పొడవాటి చుట్ట. ఎక్స్‌చెకర్ (రాజు ఖజానా) వాళ్ల పైప్ రోళ్లు మాత్రం ముక్కలన్నీ తలదగ్గర కలిపి కుట్టినవి. మీకు కావలసిన ముక్క సంఖ్య ముందే రాసుకుని వెళ్లండి.

మొత్తం కలిపి చూస్తే: కింగ్స్ లిన్

నార్ఫోక్‌లోని కింగ్స్ లిన్‌కు మంగళవారపు సంత చౌకు ఒకటి, శనివారపు సంత చౌకు ఒకటి ఉన్నాయి. పేరు చూస్తే ఆదినుంచీ రాజుదే అనిపిస్తుంది. కానీ 1537 వరకు అది బిషప్స్ లిన్. నేల నార్విచ్ బిషప్‌ది, శనివారపు సంత పక్కనున్న సెయింట్ మార్గరెట్ చర్చిని నిలబెట్టింది బిషప్. 1204 సెప్టెంబర్ 14న జాన్ ఊరికి స్వేచ్ఛా బరో (సొంత హక్కులున్న పట్టణం) హోదా ఇచ్చాడు, అదీ బిషప్ జాన్ డి గ్రే కోరితే. దొరతనం బిషప్ దగ్గరే ఉంది. పైన చెప్పిన లెక్కతో సరిచూడండి: జాన్ ఆరో ఏడు 1204 జూన్ 3న మొదలైంది, కాబట్టి సెప్టెంబర్ అందులోనే పడుతుంది.

రాక సంగతి: 1216 అక్టోబర్‌లో జాన్ ఇక్కడ ఉన్నాడు. ఇక్కణ్నుంచి వెళ్తుండగానే వాష్ అనే అఖాతం తీరపు బురదలో ఆయన సామాను మునిగింది. వారం తిరిగేసరికి న్యూవార్క్‌లో చనిపోయాడు. ఊరి ఖజానాలో వెండి మీద బంగారు పూతతో, ఎనామెల్ బొమ్మలతో అందమైన గిన్నె ఉంది. పేరు కింగ్ జాన్ కప్. జాన్ ఇచ్చాడని తరతరాలు చెప్పుకున్నారు. దాని మీది మనుషుల దుస్తులు చూడండి. అవి 1340 ప్రాంతపువి, జాన్ పోయి నూట ఇరవై ఏళ్లు దాటాక. గిన్నె విలువ తగ్గదు, దాత పేరు మాత్రం కొట్టేయాలి.

1536లో చట్టం చేసి నార్విచ్ బిషప్ ఆస్తులను ఎనిమిదో హెన్రీ తీసుకున్నాడు. మరుసటి ఏడే ఊరు లిన్ రీజిస్, అంటే కింగ్స్ లిన్ అయింది. పేరు మారింది రాజుకు ఊరి మీద ప్రేమ పుట్టి కాదు, యజమాని మారి. 1862లో దగ్గర్లోని శాండ్రింగమ్‌ను వేల్స్ రాకుమారుడి కోసం కొన్నారు. అది రాజ్యపు ఆస్తి కాదు, రాజకుటుంబపు సొంతం. 1969లో వుల్ఫర్టన్ స్టేషన్ మూతపడ్డాక అక్కడికి వెళ్లే రాణి రైలు దిగింది లిన్‌లోనే. ఇది నాలుగో జాతి కూడా కాదు, ఒట్టి ఇరుగుపొరుగు బంధం.

దీన్ని పలక మీద రాయాలంటే ఇలా రాయొచ్చు: "1204లో బిషప్ కోరగా జాన్ రాజు ఈ ఊరికి బరో హక్కులిచ్చాడు. 1216లో ఇక్కడ బస చేశాడు. 1537లో ఎనిమిదో హెన్రీ ఊరికి దొర అయ్యాక ఈ పేరు వచ్చింది." మూడు వాక్యాలూ మూడు వేర్వేరు పత్రాల మీద నిలబడతాయి. గిన్నె కింద వేరే చీటీ పెట్టండి: "సుమారు 1340."